క్యూ దాటి వచ్చినవాడు

ముప్పై ఒక్క ఏళ్లు రైల్వే బుకింగ్ కౌంటర్ వెనక కూర్చుని టికెట్లు ఇచ్చాను. క్యూ తప్పి వచ్చే మనిషిని దూరం నుంచే పసిగట్టగలను. వాళ్లలో రెండు రకాలుంటారు. కొందరికి నిజంగానే తొందర. బండి కదిలే టైమ్ అయిపోయి ఉంటుంది, లేదా ఇంట్లో ఎవరికో బాగుండదు. మొహంలో టెన్షన్ తెలిసిపోతూ ఉంటుంది, వెనకవాళ్లను బతిమాలుకుంటూ ముందుకొస్తారు. రెండో రకానికి తొందరేమీ ఉండదు. నిలబడ్డవాళ్ల మొహాలు చూడరు. ఎవరైనా అడ్డొస్తే కుర్చీని జరిపినట్టు జరిపి కిటికీలో చెయ్యి పెడతారు. ఆ చెయ్యి చూడగానే నాకు తెలిసిపోయేది.

ఆ రెండో రకం మనిషి మీద 1966లో ఇటలీవాళ్లు ఒక సినిమా తీశారు. పేరు 'కియెన్ సాబె?'. స్పానిష్‌లో 'ఎవరికి తెలుసు?' అని. ఇంగ్లీషులో దాన్ని 'ఎ బుల్లెట్ ఫర్ ది జనరల్' అని పేరు మార్చి విడుదల చేశారు. ఆ పేరు నాకు నచ్చదు. చివర జరగబోయేది పోస్టర్ మీదే చెప్పేశారు. దర్శకుడు డమియానో డమియాని.

నాకు ఈ సినిమా చూపించింది మా తమ్ముడు. వాడికి చిన్నప్పటి నుంచీ కౌబాయ్ సినిమాల పిచ్చి. ఈ సినిమా ఇంగ్లీషు డబ్బింగ్ కాపీ వాడే తెచ్చి లాప్‌టాప్‌లో పెట్టాడు. మొదటిసారి నేను సగం నిద్రలో చూశాను. గుర్రాలు, తుపాకులు, టోపీలు, నవ్వులు. అయిపోయాక వాడు అడిగాడు: "అక్కా, నువ్వు టికెట్లు ఇచ్చేదానివి కదా, ఆ టికెట్ కిటికీ సీన్ చూశావా?" చూడలేదన్నాను. వాడికి ఎంత కష్టం కలిగిందో మొహంలో కనిపించింది. రిటైర్ అయ్యాక తీరిగ్గా ఇటాలియన్ ఆడియోతో, సబ్‌టైటిల్స్‌తో మళ్లీ చూశాను. ఇప్పటికి నాలుగుసార్లు అయింది. ఇంత మంచి సినిమా గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు నా కంట పడలేదు, అందుకే ఇది రాస్తున్నాను. కథ మొత్తం చెప్పేస్తాను. ముందు సినిమా చూద్దామనుకునేవాళ్లు ఇక్కడ ఆగి, చూశాక రండి.

మెక్సికో విప్లవం రోజులు. రైల్వే స్టేషన్‌కు ఒక అమెరికన్ కుర్రాడు వస్తాడు. నీటుగా సూటు, పసిపిల్లాడి లాంటి మొహం. పేరు బిల్ టేట్. ఒక చిన్న పిల్లవాడు వచ్చి, మెక్సికో నచ్చిందా సార్ అని అడుగుతాడు. పెద్దగా నచ్చలేదంటాడు బిల్. టికెట్ కిటికీ దగ్గర జనం వరసగా నిలబడి ఉన్నారు. బిల్ వాళ్లను దాటుకుని వెళ్లి టికెట్ కొనుక్కుంటాడు. అంతే సీను. దాని మీద ఎవరూ మాట్లాడరు. కొత్తగా చూసేవాళ్లకు అది హీరో పరిచయం లాగే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. వెస్టర్న్‌లు, అంటే కౌబాయ్ సినిమాలు, మనకు నేర్పిన అలవాటు అది. తెల్లటి మొహం, శుభ్రమైన బట్టలు కనిపిస్తే చాలు, కళ్లు అతని వెంటే పోతాయి. పక్కన నిలబడ్డవాళ్లు వెనక కట్టిన తెర లాగా ఉండిపోతారు. డమియాని ఆ అలవాటునే వాడుకున్నాడు.

రైలు ఎక్కాక వచ్చే సీను నాకు చూడటం కష్టం. అది సైనికులను, ఆయుధాలను తీసుకెళ్తున్న బండి. పట్టాల మీద ఒక అధికారిని కట్టేసి ఉంచుతారు బందిపోట్లు. బండి ముందుకు పోతే తమ అధికారి మీద నుంచే పోవాలి. ఆగితే కొండల్లోంచి తూటాలు. ఆ ఉచ్చు దగ్గర కథ చాలాసేపు నిలబడుతుంది. బండిలో ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏది చేసినా తప్పే. రైల్వేలో పనిచేసినవాళ్లెవరైనా ఇక్కడ ముందు ఇంజన్ డ్రైవర్ గురించి ఆలోచిస్తారు. ఆర్డర్ ఎవరిదైనా, బండి కదిపేది అతని చెయ్యే. ఆ గందరగోళంలో బిల్ ఇంజన్‌లోకి వెళ్లి డ్రైవర్‌ను చంపి బండి ఆపేస్తాడు. తర్వాత తన చేతులకు తనే బేడీలు వేసుకుని, ఖైదీలాగా కూర్చుంటాడు. బందిపోట్లు వచ్చి చూస్తే, ప్రభుత్వం పట్టుకున్న మనిషి, బండి ఆపి తమకు సాయం చేసిన మనిషి! వాళ్లకు నచ్చకుండా ఎలా ఉంటాడు? ముఠా నాయకుడు ఎల్ చుంచో అతన్ని వెంట పెట్టుకుంటాడు. 'నీన్యో' అని ముద్దుగా పిలుస్తాడు. అంటే బాబు, పిల్లాడు.

చుంచోగా వేసింది జాన్ మరియా వొలొంతె. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె తీసిన మొదటి రెండు 'డాలర్ల' సినిమాల్లో విలన్ ఆయనే, 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'లో రమోన్, 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్'లో ఇండియో. అక్కడ చూసి ఇక్కడ చూస్తే ఒకే మనిషి అంటే నమ్మబుద్ధి కాదు. అక్కడ చల్లగా భయపెట్టే మనిషి, ఇక్కడ పెద్ద పిల్లాడు. గట్టిగా నవ్వుతాడు, గట్టిగా ఏడుస్తాడు, ప్రేమ వస్తే కౌగిలించుకుంటాడు, కోపం వస్తే కాల్చేస్తాడు. బిల్ మీద చెయ్యి వేయబోయిన తన ముఠావాణ్ణే కాల్చేస్తాడు. ఆ తర్వాత తనే తట్టుకోలేకపోతాడు. నిన్నగాక మొన్న వచ్చిన ఈ పరాయివాడి కోసం పాత స్నేహితుణ్ణి ఎందుకు చంపానో అతనికే తెలియదు. సినిమా పేరు అక్కడి నుంచే మెల్లగా పని చేయడం మొదలుపెడుతుంది.

చుంచో బందిపోటు, విప్లవకారుడు కాదు. ప్రభుత్వ సైన్యం దగ్గర తుపాకులు దోచుకుని విప్లవం నడుపుతున్న జనరల్ ఎలియాస్‌కు అమ్ముకుంటాడు. విప్లవం గురించి పెద్ద మాటలు మాట్లాడతాడు, ఆ మాటలను నమ్ముతాడు కూడా, డబ్బు మాత్రం వదలడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం చరిత్రకు కొత్త కాదు. ఆ విప్లవ నాయకుల్లో ఒకడైన పాంచో వియా అసలు పేరు డొరొటేవో అరాంగో. విప్లవానికి ముందు ఆయన కూడా కొండల్లో బందిపోటే. ఆ రోజుల్లో దోపిడీకి, తిరుగుబాటుకు మధ్య గీత ఎక్కడుందో తిరుగుబాటుదార్లకే స్పష్టంగా తెలియదు.

చుంచో సవతి తమ్ముడు ఎల్ సాంతో. ఆ పాత్ర క్లౌస్ కిన్‌స్కీది. సన్యాసి బట్టల్లో తిరుగుతూ, తండ్రి పేరున, కుమారుడి పేరున, పరిశుద్ధాత్మ పేరున అంటూ ఒక్కో మాటకు ఒక్కో బాంబు విసిరే సీను ఒకటి ఉంది, మర్చిపోలేం. కానీ ముఠాలో డబ్బు ఆశ లేని ఒకే ఒక్క మనిషి ఇతనే. తుపాకులు విప్లవానికి ఊరికే ఇస్తున్నామనే నమ్ముతుంటాడు. అన్న అమ్ముకుంటున్నాడని అతనికి తెలియదు.

సినిమాకు గుండెకాయ సాన్ మిగేల్ అనే ఊరు. చుంచో ముఠా ఆ ఊళ్లోకి వస్తుంది. రైతులు తమ భూస్వామి దోన్ ఫెలిసియానో మీద తీర్పు చెప్పే రోజు అది. నేను డబ్బున్నవాణ్ణని చంపుతారా అని అడుగుతాడు ఆయన. కాదు, మేము పేదవాళ్లం కాబట్టి, మేము ఇలాగే ఉండిపోవడానికి నువ్వు చేయగలిగిందంతా చేశావు కాబట్టి అని జవాబు వస్తుంది. అరుపుల్లేకుండా, మామూలుగా చెప్తారు ఆ మాట. విప్లవం మీద వచ్చిన ఎన్నో సినిమాల్లో పెద్ద పెద్ద ఉపన్యాసాలు విన్నాను. నాకు గుర్తుండిపోయింది ఈ ఒక్క జవాబే.

చుంచోకు ఆ ఊరు నచ్చేస్తుంది. ఇక్కడే ఉండిపోతాను, వీళ్లకు తుపాకీ పట్టడం నేర్పిస్తాను అంటాడు. ఆ కొద్దిసేపు అతను నిజంగానే విప్లవకారుడు. కానీ ముఠా ఉండదు, బిల్‌తో కలిసి తుపాకులతో బయల్దేరిపోతుంది. చుంచో మనసు ఊరి దగ్గరా నిలవదు, ముఠా దగ్గరా నిలవదు. చివరికి తమ్ముణ్ణి ఊళ్లో వదిలి తను వాళ్ల వెనక వెళ్తాడు. ఊరికి ఏమవుతుందో ఆ క్షణానే మనకు అర్థమవుతుంది. అతనికి మాత్రం అర్థం కాదు.

దారిలో బిల్‌కు మలేరియా వస్తుంది. చుంచో తల్లిలాగా చూసుకుంటాడు. క్వినైన్ కోసం బిల్ సంచి వెతుకుతుంటే అందులో ఒక బంగారు తూటా కనిపిస్తుంది. ఇదేమిటని అడిగితే అదృష్టం కోసం పెట్టుకున్నానంటాడు బిల్. చుంచో నమ్మేస్తాడు. జ్వరంతో వణికే మనిషిని అనుమానించడం అతని వల్ల కాదు. దర్శకుడు ఇక్కడ భయపెట్టే మ్యూజిక్ పెట్టలేదు, మనకు కన్ను కొట్టలేదు. రోగి, సేవ చేసే స్నేహితుడు, మధ్యలో ఆ తూటా.

జనరల్ ఎలియాస్ శిబిరానికి చేరతారు. ఆకలితో ఉన్న సైన్యం. వాళ్ల దగ్గరున్న కొద్దిపాటి డబ్బు నుంచే తుపాకులకు వెల చెల్లిస్తారు. అప్పుడు జనరల్ సాన్ మిగేల్ సంగతి చెప్తాడు. తుపాకులు లేని ఊరి మీద సైన్యం పడింది, ఊరు నాశనమైంది. ఊరిని వదిలేసి వచ్చినవాడికి ఏ శిక్ష వెయ్యాలో చుంచోనే అడిగినట్టుంటుంది ఆ సంభాషణ. చుంచో వాదించడు. చావు తనకు తగిన శిక్షేనని ఒప్పేసుకుంటాడు. ప్రాణాలతో బయటపడి వచ్చిన తమ్ముడు సాంతో, నేనే చంపుతానని ముందుకొస్తాడు. వొలొంతె మొహం ఇక్కడ చూడండి. సినిమా అంతా నవ్విన మొహం ఖాళీ అయిపోతుంది.

అంతలో దూరం నుంచి బిల్ తుపాకీ పేలుతుంది. సాంతో పడిపోతాడు. బంగారు తూటా జనరల్‌కు తగులుతుంది. బిల్ వచ్చింది ఆ ఒక్క పని కోసమే. రైలు ఆపడం, బేడీలు, ముఠాలో చేరడం, అన్నీ జనరల్ దాకా చేర్చే దారి వెతుక్కోవడానికే. ఆ దారి చూపించింది చుంచో.

ఇది సినిమా కోసం అల్లిన కుట్ర మాత్రమే అనుకోకండి. 1913 ఫిబ్రవరిలో మెక్సికో అధ్యక్షుడు మదేరోను కూలదోసిన సైనిక కుట్రలో అమెరికా రాయబారి హెన్రీ లేన్ విల్సన్ చెయ్యి ఉంది. మదేరోను చంపేశారు. 1914 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం వేరాక్రూజ్ రేవును ఆక్రమించింది. ఇక రైతుల విప్లవ నాయకుడు ఎమిలియానో సపాతాను యుద్ధంలో ఎవరూ గెలవలేకపోయారు. 1919 ఏప్రిల్ 10న చినామెకాలో, మీ వైపు వచ్చేస్తున్నానని నమ్మించిన ఒక కల్నల్ పిలిపించి కాల్పించాడు. నమ్మకంగా దగ్గరికి వచ్చినవాడి చేతిలో పోవడం ఆ విప్లవంలో చాలామంది రాత.

సినిమా తీసిన వాళ్ల మనసులో మాత్రం 1913 ఒక్కటే లేదు, తమ కాలం కూడా ఉంది. స్క్రిప్టులో చెయ్యి వేసిన ఫ్రాంకో సొలినాస్ అదే 1966లో అల్జీరియా స్వాతంత్ర్య పోరాటం మీద వచ్చిన 'బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' రాసినవాడు. ఇటలీ వామపక్ష రచయితల్లో పెద్ద పేరు. వొలొంతె కమ్యూనిస్టు పార్టీ మనిషి. ఇక బిల్‌గా వేసిన లూ కాస్టెల్ పుట్టింది కొలంబియాలోని బొగొటాలో. నిజ జీవితంలో తీవ్ర వామపక్షవాది. ఆ రాజకీయాల కారణంగానే 1972లో ఇటలీ అతన్ని దేశం నుంచి పంపేసింది. అలాంటి మనిషి ఈ పాత్ర వేశాడు! కోపం లేని, ఆశ కూడా పెద్దగా కనిపించని, తాగని, ఆడవాళ్ల జోలికి పోని, పని పూర్తిచేసుకుని పోయే కిరాయి హంతకుడు. తను ఎవరికి ఎదురు తిరిగాడో వాళ్లను లోపలి నుంచి చూపించాడు అనిపిస్తుంది నాకు. ఎక్కడా రాక్షసుడిలా నటించలేదు. చుంచో మీద అతనికి ఉన్న ఇష్టం కూడా నిజమే. అదే భయంకరంగా ఉంటుంది.

తర్వాత ఇలాంటి సినిమాలు చాలా వచ్చాయి, వీటికి సపాతా వెస్టర్న్‌లనే పేరే పడింది. కోర్బుచ్చి తీసిన 'ది మెర్సినరీ', లియోనె 1971లో తీసిన 'డక్, యూ సక్కర్' అందరికీ ఎక్కువ తెలుసు. వాటిలోనూ ఒక పరాయి దేశస్థుడు, ఒక మెక్సికన్ బందిపోటు జంటగా ఉంటారు. కానీ అక్కడ వచ్చిన పరాయివాణ్ణి మనం ఇష్టపడతాం. ఇక్కడ మనం ఇష్టపడ్డాక, ఎందుకు ఇష్టపడ్డావని సినిమా తిరిగి అడుగుతుంది. నా మటుకు నాకు ఇదే వాటన్నిటికంటే గొప్పది. 1966 డిసెంబర్‌లో లియోనె మూడో డాలర్ల సినిమా 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' కూడా వచ్చింది. దాని చప్పుడులో ఇది వినపడకుండా పోయిందనుకుంటాను. లూయిస్ బకలోవ్ సంగీతం కూడా బాగుంటుంది, కానీ ఈలవేసి పాడుకునే రకం కాదు.

రైళ్ల గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. విప్లవానికి ముందు మెక్సికోను ఏలిన పోర్ఫిరియో దియాస్ పాలనలో అక్కడి రైలు మార్గం విపరీతంగా పెరిగింది, 1910 నాటికి పంతొమ్మిది వేల కిలోమీటర్లు దాటింది. ఎక్కువ భాగం పరదేశీ పెట్టుబడి. గనుల సరుకును సరిహద్దుకు, రేవులకు చేర్చడానికి వేసిన దారులు. విప్లవం వచ్చాక ఆ పట్టాల మీదే సైన్యాలు నడిచాయి. గుర్రాలు పెట్టెల్లో, మనుషులు పెట్టెల పైకప్పు మీద. ఆడవాళ్లు పిల్లల్ని వేసుకుని ఆ కప్పు మీదే ప్రయాణం చేశారు, యుద్ధం చేశారు. ఈ సినిమాలో మార్టీన్ బెస్విక్ పాత్రకు అడెలీతా అని పేరు పెట్టడం వాళ్లను తలుచుకునే. ఆ పేరుతో ఉన్న పాట విప్లవంలో పోరాడిన ఆడవాళ్లందరి పాటగా నిలిచింది. కథ స్టేషన్‌లో మొదలై స్టేషన్‌లోనే ముగియడం నాకు అందుకే చాలా సరిగ్గా అనిపిస్తుంది.

ఇక ఆ ముగింపు. జనరల్‌ను చంపినందుకు బిల్‌కు బంగారం ముడుతుంది. చుంచో అతన్ని చంపుదామని అమెరికా సరిహద్దులోని సియుదాద్ హ్వారెజ్ అనే ఊరికి వస్తాడు. వచ్చి చూస్తే బిల్ అతని కోసమే ఎదురుచూస్తున్నాడు, అందులో సగం వాటా పక్కన పెట్టి మరీ. మోసం చేస్తాడనుకున్నవాడు లెక్కలో పైసా తేడా లేకుండా ఇస్తున్నాడు. చుంచో చెయ్యి ఆగిపోతుంది. మంగలి దగ్గరికి తీసుకెళ్తాడు, మంచి సూటు కుట్టిస్తాడు, ఇద్దరం అమెరికా పోదామంటాడు బిల్. చుంచో ఆ కొత్త బట్టల్లో ఇబ్బందిగా, సంతోషంగా, ఎటూ తేల్చుకోలేక నిలబడతాడు.

స్టేషన్‌కు వస్తారు. టికెట్ కిటికీ ముందు పేదవాళ్ల వరస. బిల్ వాళ్లను పక్కకు నెట్టుకుని ముందుకు వెళ్తాడు. చుంచో అది చూస్తాడు.

నా ఉద్యోగంలో ఆ చూపు నాకు తెలుసు. క్యూలో నిలబడ్డవాళ్లలో ఒకరికి ఉంటుంది అది. అరవరు, గొడవ పడరు. గుప్పిట్లో చిల్లర మూడుసార్లు లెక్కపెట్టుకుని నిలబడ్డ ఒక ముసలాయన ఒకసారి నావైపు అలా చూశాడు. ముందుకొచ్చినవాణ్ణి కాదు, నన్ను. నేను ఆ ముందుకొచ్చిన చేతికి టికెట్ ఇచ్చేశాను. వెనక్కి వెళ్లండి అని గట్టిగా చెప్పిన రోజులు చాలా ఉన్నాయి, అది మాత్రం చెప్పని రోజు. ఆయన వంతు వచ్చాక టికెట్ తీసుకుని ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అందుకే రెండోసారి ఈ సినిమా చూసినప్పుడు ఇక్కడ ఆపేసి లేచి కాసేపు బయట తిరిగి వచ్చాను.

జనరల్ చావు, తమ్ముడి చావు, ఊరు ఊరంతా నాశనం కావడం, ఇన్ని జరిగినా చుంచో చంపలేకపోయాడు. బంగారం చేతిలో పడింది కాబట్టి కూడా కావచ్చు. క్యూ దగ్గర మాత్రం చంపుతాడు. నిన్ను చంపాలి అంటాడు. ఎందుకు అని బిల్ అడుగుతాడు, నిజంగా అర్థం కాక. నేను నీకు అన్యాయం చేయలేదే, డబ్బులో వాటా ఇచ్చాను కదా. అతని లెక్క ప్రకారం అది సరైన ప్రశ్నే. చుంచో దగ్గర జవాబు లేదు. కియెన్ సాబె అంటాడు. తుపాకీ పేలుతుంది. ఆ తర్వాత తన బంగారాన్ని అక్కడున్న ఒక పేదవాడికి ఇచ్చేసి, ఈ డబ్బుతో రొట్టె కొనకు, డైనమైట్ కొను అని అరుస్తూ, నవ్వుతూ పట్టాల వెంట పరుగెత్తుతాడు.

తమ్ముడు ఆ డైనమైట్ మాటకు ప్రతిసారీ చప్పట్లు కొడతాడు. సినిమా అంతా ఆ మాట కోసమే తీశారంటాడు. నేను ఒప్పుకోను. అది 1966లో ఇటలీ యువతకు చెప్పిన మాట, అందులో ఆ కాలపు ఆవేశం ఉంది. మాకు దీని మీద రెండేళ్లుగా వాదన నడుస్తోంది, ఫోన్‌లో కూడా. "అక్కా, క్యూ కోసం మనిషిని చంపుతారా?" అంటాడు. క్యూ కోసం కాదురా అంటాను. మరి దేనికి అంటే వాడికి పూర్తిగా చెప్పలేకపోతాను. సాన్ మిగేల్ రైతుల జవాబే మళ్లీ చెప్తాను.

మీరు చూస్తే దొరికినంతలో ఇటాలియన్ ఆడియో ఉన్న మంచి ప్రింట్ చూడండి. స్పెయిన్‌లోని అల్మెరియా ఎండలో తీసిన ఆ దుమ్ము రంగు చిన్న స్క్రీన్ మీద సగం పోతుంది, వీలైతే పెద్ద టీవీలో పెట్టుకోండి.

మొన్న నాలుగోసారి అయిపోయాక మళ్లీ మొదటికి తిప్పాను. స్టేషన్, ఆ చిన్న పిల్లవాడు, మెక్సికో నచ్చిందా సార్ అన్న ప్రశ్న. బిల్ కిటికీ వైపు నడుస్తున్నాడు. అక్కడ సినిమా ఆపి, కళ్లద్దాలు తుడుచుకుని, టీవీకి దగ్గరగా వెళ్లి, వరసలో నిలబడ్డవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాను.